చీమలు చెప్పని తుపాను

మా మొవ్వ వైపు చలికాలం గడ్డుగా ఉందంటే చలి ఎక్కువైందని కాదు, తుపాను తగిలిందని. సార్వా వరి కోతకొచ్చే కార్తీక మార్గశిరాల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. బందరును ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. మొదటిదానిలో సుమారు 30 వేలమంది, రెండోదానిలో ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10 వేలమంది పోయారు. ఈ తేదీలు పిల్లలకు పాఠంగా చెప్పినవాణ్ణి నేను. అయినా 2023లో తుపాను సంగతి చీమలను అడిగాను.

మా నాయనమ్మ నేర్పిన గుర్తులు అవి. చీమలు గుడ్లు కరుచుకుని గట్టెక్కితే వాన. తూనీగలు కిందుగా గుంపు కడితే వాన. పిచ్చుకలు మట్టిలో పొర్లాడితే వాన. చంద్రుడికి గుడి కడితే, దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన. ఈ చివరిదానికి గట్టి ఆధారమే ఉంది. బాగా ఎత్తున పరుచుకునే పలుచటి మబ్బులోని మంచు స్ఫటికాల్లో వెన్నెల వంగి ఆ పెద్ద గుడి కనిపిస్తుంది. వాన మబ్బులకు ముందు తరచు వచ్చేది ఆ మబ్బే.

కార్తీక పౌర్ణమి వెళ్లిన వారంలో మా కౌలు రైతు వచ్చాడు. "మాస్టారూ, టీవీలో తుపానంటున్నారు. కోత ఆపమంటారా?"

"చీమ కదల్లేదు. రాత్రి చంద్రుడికి గుడీ లేదు. కోయించెయ్యి, నాలుగెండలు కాస్తే కుప్ప వేసుకోవచ్చు" అన్నాను.

పెద్దవాణ్ణని నా మాట విన్నాడు. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోయకుండా ఉంచినవాళ్ల చేలు పడిపోయినా, నీళ్లు తీశాక కొంత దక్కింది. మా పనలు నీళ్లలో నాని మొలకలెత్తాయి.

నాయనమ్మ గుర్తులు తప్పు కావు. అవి తొలకరివి. తొలకరిలో మబ్బు మన నెత్తిమీదే కడుతుంది, ఆ ముందు గాలిలో పెరిగే తేమ చీమకూ తూనీగకూ తెలుస్తుంది. వాయుగుండం వందల మైళ్ల అవతల సముద్రం మీద బలపడుతుంటే మన గట్టు మీది గాలి పొడిగానే ఉండొచ్చు. తుపాను అంచుకు బయట గాలి కిందికి దిగుతుంటుంది గనక ఆకాశం ఇంకా తెరిపిగా కనిపిస్తుంది. తీరంలో బెస్తవాళ్లు అలల తీరు చూసి పసిగడతారు, ఎందుకంటే తుపాను లేపిన అల తుపాను కంటే ముందు ఒడ్డు చేరుతుంది. మొవ్వలో ఆ అల ఎక్కడిది? బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడారు ఉంది. మా ఊరికి అంత దగ్గర. హెచ్చరిక ముందే వచ్చింది. దాన్ని నమ్మితే నాయనమ్మను కాదన్నట్టు అనుకున్నానేమో. ఆవిడ బతికుంటే ఆ నెలలో చీమలను చూడమని చెప్పేదే కాదు.

ఆ ఏడు ఆ రైతు దగ్గర కౌలు తీసుకోలేదు. అక్కడితో నా బాధ్యత తీరిందనుకున్నాను. విత్తనానికి, ఎరువుకు, కోత కూలికి అతను వడ్డీకి తెచ్చిన డబ్బు అలాగే ఉంది. అందులో నా మాట వల్ల పడ్డ భాగం ఎంతో అతను ఒక్కనాడూ అడగలేదు. లెక్కగట్టి ఇవ్వాలని మరుసటి సార్వా దాకా నాకు తోచలేదు. అప్పటికి అతని భార్య చెవుల దిద్దులు అమ్మేసింది.