మర్రిచెట్టుకు నియామక పత్రం

జాతీయ విద్యా విధానానికి నాలుగేళ్లు నిండిన సందర్భంగా 2024 జూలైలో ఢిల్లీలో విడుదల చేసిన ‘సంచి లేని రోజుల’ మార్గదర్శకాల సంగతి పేపర్లో చూసే ఉంటారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజుల పాటు పుస్తకాల సంచి ఇంట్లో వదిలేసి బడికి రావచ్చు. వచ్చాక ఏం చేయాలో భోపాల్‌లోని ఎన్‌సీఈఆర్‌టీ వృత్తివిద్యా సంస్థవారు జాబితా రాసిచ్చారు. కూరగాయల మార్కెట్ చూసి రావచ్చు. గాలిపటం చేసి ఎగరేయవచ్చు. కాగితం మీద పిచ్చిగీతలు గీయవచ్చు. పెంపుడు జంతువుల మీద సర్వే చేసి నివేదిక రాయవచ్చు. పుస్తక ప్రదర్శన పెట్టవచ్చు, బయోగ్యాస్ ప్లాంటుకు వెళ్లవచ్చు. మర్రిచెట్టు కింద కూర్చోవచ్చు. ఈ చివరి ముక్క చదివి చాలామంది పగలబడి నవ్వారు. నవ్వాల్సిందేమీ లేదు. ఏళ్ల తరబడి సర్కారుకు దొరకని కళల మాస్టారు ఎట్టకేలకు దొరికాడు, అంతే.

ఎందుకంటే ఈ పోస్టు చట్టంలో ఎప్పటినుంచో ఉన్నదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులున్న బడిలో పిల్లల సంఖ్య వంద దాటితే కళలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. అదీ పార్ట్‌టైమ్. అంటే వందమంది పిల్లలున్నంత కాలం ఆ ఊళ్లో బొమ్మ గీయాల్సిన అగత్యం ఎవరికీ లేదు. నూట ఒకటో పిల్ల పేరు రిజిస్టర్లో ఎక్కిన రోజున ఊరికి ఒక్కసారిగా కళాతృష్ణ పుట్టుకొస్తుంది. పుట్టినా సగం పూట మాస్టారుతోనే దాన్ని తీర్చుకోవాలి. లెక్కలకు పూర్తికాలపు మనిషి, రంగులకు అరకాలపు మనిషి. గౌరవ వేతనం నెలల తరబడి రాకపోయినా నోరెత్తకుండా, వేసవి రెండు నెలలూ గాలి భోంచేసి, రెగ్యులర్ చేయమని ధర్నాచౌక్‌లో టెంటు వేయకుండా పాఠం చెప్పే మనిషి ఈ భూమ్మీద లేడని పదిహేనేళ్లలో తేలిపోయింది. మనిషి కానిది మాత్రం ఒకటుంది. నీళ్లు తానే తెచ్చుకుంటుంది. గది అడగదు, కుర్చీ అడగదు, ఫ్యాను అడగదు. పాత పెన్షనూ అడగదు, కొత్త పెన్షనూ అడగదు. మర్రిచెట్టును ఇన్‌స్ట్రక్టర్‌గా తీసుకోవడంలోని పొదుపు చూశాక, ఇంత ఆలస్యం ఎందుకు చేశారన్నదొక్కటే అనుమానం.

నియామకమన్నాక సర్వీసు నిబంధనలు ఉండాలి. సీనియారిటీ జాబితాలో మొదటి పేరు కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుది. 1989లోనే గిన్నిస్ పుస్తకానికెక్కింది కాబట్టి ఉత్తమ ఉపాధ్యాయ కోటా పాయింట్లు కూడా కలుస్తాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడితే, చెదలు పోవడానికి మందు కలిపిన సెలైన్ సీసాలు వేలాడదీసి బతికించుకున్నారు. ఆ కాలాన్ని మెడికల్ లీవుగా రాసుకుని ఇంక్రిమెంట్లు ఆపకుండా చూడాలి. ఊడలు దిగిన ఉద్యోగులు గనుక తెలంగాణ ఉద్యోగులను జిల్లాలకు సర్దిన 317 జీవో వీళ్లకు వర్తించదు, భార్యాభర్తల బదిలీ గొడవా లేదు. చేవెళ్ల దారిలోని సుమారు 900 మర్రులది మాత్రం క్రమశిక్షణ కేసు. హైదరాబాద్–బీజాపూర్ రహదారి విస్తరణకు అడ్డంగా నిలబడ్డాయని వాటి మీద అభియోగం. వాటి తరఫున కొందరు ప్రకృతి ప్రేమికులు గ్రీన్ ట్రైబ్యునల్‌లో పోరాడారు. ఒక శాఖ కూర్చోమన్న చెట్టును ఇంకో శాఖ కొట్టేస్తే పిల్లలు ఎక్కడ కూర్చోవాలి? మొద్దు మీద కాబోలు.

హాజరు సంగతి కూడా తేల్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంతుళ్లకు ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ ఉంది కదా, మర్రికీ అదే పెట్టవచ్చు. కిందటేడాది తీసిన ముఖానికీ ఈ ఏడాది ముఖానికీ నాలుగు ఊడలు తేడా వస్తే హెడ్మాస్టారు సంజాయిషీ రాసుకుంటాడు. ఇక ఫోటో. మరుగుదొడ్డి ఫోటో, మధ్యాహ్న భోజనం ఫోటో అప్‌లోడ్ చేసి చేయితిరిగిన మన టీచర్లకు మర్రి ఫోటో ఒక లెక్కా? చెట్టు, నీడ, పిల్లల తలలు మూడూ ఒకే ఫ్రేములో పడాలి, జియోట్యాగ్ ఉండాలి. సర్వర్ నిద్ర లేచేసరికి పొద్దువాలి నీడ పక్క పొలంలోకి జరిగిపోతే ఆ రోజు కూర్చోనట్టే లెక్క. కూర్చోవడం వల్ల కలిగిన అభ్యసన ఫలితాలు పొందుపరచాల్సిన గడి ఒకటి తప్పకుండా ఉంటుంది. ‘చల్లగా ఉంది’ అని రాస్తే ఒప్పుకోరు.

ప్రైవేటు రంగం ఊరికే కూర్చుంటుందా? మైదానం లేని నాలుగంతస్తుల బడిలో మర్రి ఎక్కడిదని అమాయకులు అడగవచ్చు. టెర్రస్ మీద కుండీలో బోన్సాయ్ మర్రి ఉంటుంది. దాని కింద కూర్చోవడం కుదరదు గనుక పక్కన కూర్చోబెడతారు, జూన్‌లోనే మర్రి ఫీజు కట్టించుకుంటారు. ఆరో తరగతి ఫౌండేషన్ బ్యాచికి మర్రి కింద మైక్రో షెడ్యూల్ వస్తుంది: పావుగంట కూర్చోవడం, పావుగంట ఫిజిక్స్ బిట్లు, మళ్లీ పావుగంట కూర్చున్నదాని మీద వీక్లీ టెస్టు. ఏడాది తిరిగేసరికి బనియన్ ఒలింపియాడ్. టీవీలో ర్యాంకుల ప్రకటనల్లో ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని గుక్క తిప్పుకోకుండా చదివే ఆ గొంతుకు మరో సీజన్ పని దొరుకుతుంది. జాతీయ స్థాయిలో కదలకుండా కూర్చున్న మొదటి పదిమందిలో ఎనిమిదిమంది తమవాళ్లేనని రెండు సంస్థలు ఒకే రోజు ఫుల్ పేజీ ప్రకటనలు ఇస్తాయి.

ముప్పైమూడు అంశాల జాబితాలో ఒక్కదాన్ని పట్టుకుని ఎగతాళి చేయడం న్యాయం కాదని అనేవారుంటారు. ఒప్పుకోవాల్సిందే. చెట్టు కింద కూర్చున్న పిల్లకు నష్టం లేదు, గాలిపటం చేసిన పిల్లవాడికి లాభమే. కానీ 2020 నాటి విధాన పత్రంలో ఈ పది రోజుల గురించి రాసినదేమిటో ఒకసారి చూడాలి. పిల్లలు ఊళ్లోని వడ్రంగి దగ్గర, కుమ్మరి దగ్గర, తోటమాలి దగ్గర, చిత్రకారుడి దగ్గర పని నేర్చుకోవాలన్నారు. వడ్రంగం, కరెంటు పని, లోహపు పని, కుండలు చేయడం వంటివాటిలో కొన్నింటినైనా ఈ మూడు తరగతుల్లో ప్రతి పిల్లా చేత్తో చేసి చూడాలన్నారు. నాలుగేళ్లు గడిచేసరికి చేతికి ఉలి ఇస్తామన్నవాళ్లు కళ్లకు మార్కెట్ చూపిస్తున్నారు. కారణం ఎవరి దుర్బుద్ధీ కాదు, ఖర్చు. వడ్రంగి పది రోజులు పని మానుకుని నేర్పాలంటే కూలి ఇవ్వాలి, కొయ్య కొనాలి, పనిముట్లు కొనాలి, వేలు తెగితే చూసే మనిషి ఉండాలి. మార్కెట్ చూడటానికి, పిచ్చిగీతలకు, నీడకు బడ్జెట్‌లో పద్దు అక్కర్లేదు.

అసలు లేనిదానికన్నా పది రోజులు నయం కదా అన్నది తరవాతి మాట. ఏటా పది రోజులని ఉదారంగా లెక్కేసినా, విద్యాహక్కు చట్టం ఈ తరగతులకు పెట్టిన 220 పనిదినాల్లో అది అయిదు శాతం లోపే. పైగా రెండు మూడు విడతలుగా పంచుకోవడం మంచిదని సలహా కూడా ఉంది. మూడు రోజుల్లో చిత్రిక పట్టడం ఎంతవరకు వస్తుందో ఏ వడ్రంగినైనా అడగండి. సంచి లేని రోజులు మనకు కొత్తా? 2019లో ఆంధ్రప్రదేశ్ మొదటి, మూడో శనివారాలన్నది. 2023లో తెలంగాణ ప్రతి నెలా నాలుగో శనివారమన్నది. సంచి రాలేదు, బాగానే ఉంది, నేర్పడానికి ఎవరొచ్చారు? ఇంకా వెనక్కి వెళితే 1937లో వార్ధా సభలో గాంధీ చేతిపనిని చదువుకు నడిబొడ్డున పెట్టమన్నాడు. 1966లో కొఠారీ కమిషన్ పని అనుభవం అన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక కృషి అని పేరు మార్చింది. 1993లో యశ్‌పాల్ కమిటీ సంచి బరువు కన్నా అర్థంకాని చదువు బరువు ఎక్కువని చెప్పింది. ఇన్ని పేర్లు మారినా టైమ్‌టేబుల్‌లో ఆ ఆఖరి పీరియడ్ గతి మారలేదు. సిలబస్ పూర్తికాని లెక్కల మాస్టారు దాన్ని జూలైలో అప్పు తీసుకుంటాడు, మార్చి దాకా తీర్చడు. ఆయన తప్పూ లేదు, అడిగేది ఆయన రిజల్టునే.

ఇంకొక అభ్యంతరం ఉంది, దాన్ని నవ్వి తోసేయడానికి లేదు. బడిలో చేతిపని అనగానే వెనకబడిన కులాలవారికి ఒళ్లు మండటానికి చరిత్రలో కారణముంది. 1953లో, ఆంధ్ర ఇంకా విడిపోని మద్రాసు రాష్ట్రంలో, ముఖ్యమంత్రి రాజాజీ పల్లెటూరి ప్రాథమిక బడిని మూడు గంటలకు కుదించి మిగతా పొద్దు పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నాడు. కుమ్మరి కొడుకు కుమ్మరిగా, చాకలి కూతురు చాకలిగా మిగిలిపోవడానికే ఈ ఏర్పాటని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ వచ్చాక ఆ పథకం పోయింది, పోవాల్సిందే. ఆ భయం ఇప్పటికీ సబబే. అయితే అందుకు విరుగుడు చేతిపనిని బడి గుమ్మం బయటే ఉంచడం కాదు, అందరికీ ఒకే బల్ల మీద నేర్పడం. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కొడుకు సారె ముందు కూర్చుని, మట్టిముద్దను నడిమధ్యకు తేవడానికి నానా అవస్థా పడాలి. పక్కనే కుమ్మరి కూతురు ఆ పని క్షణంలో చేసి చూపించి క్లాసులో ఫస్టు రావాలి, మరుసటి గంటలో ఇద్దరూ కంప్యూటర్ ముందుండాలి. కంచ ఐలయ్య 2007లో ‘టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్’ అని పిల్లల కోసం రాసిన పుస్తకం ఈ శ్రమ గౌరవం గురించే. కుమ్మరి మాస్టారుగా క్లాసులోకి వస్తే కులం కాస్త కదులుతుంది. పిల్లలు బస్సు దిగి, కుమ్మరిని చూసి, సెల్ఫీ దిగి, బస్సెక్కితే ఏదీ కదలదు.

ఇక పరిహాసం చాలు. మార్గదర్శకాలు 2024 జూలై చివర్లో వచ్చాయి. అదే వారం తెలంగాణలో టీచర్ల నియామకానికి డీఎస్సీ పరీక్షలు జరిగాయి. మొత్తం 11,062 పోస్టులు: స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, భాషా పండితులు, పీఈటీలు, ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పేవారు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన మెగా డీఎస్సీలో 16,347: స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, టీజీటీలు, పీజీటీలు, ప్రిన్సిపాళ్లు, పీఈటీలు. రెండూ కలిపితే 27,409. ఆ పద్దుల్లో చిత్రలేఖనానికి విడిగా ఒక వరుస లేదు. చేతిపనికి లేదు. సంగీతానికి లేదు. మరోపక్క ఇవే రెండు రాష్ట్రాల ప్రభుత్వ పరీక్షల విభాగాలు డ్రాయింగ్‌లో, టైలరింగ్‌లో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు ఫీజులు కట్టించుకుంటూనే ఉన్నాయి, పాసైనవారి చేతిలో సర్టిఫికెట్లు పెడుతూనే ఉన్నాయి. ఏ ఉద్యోగం కోసం? నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు రంగులద్దిన సి.వి. రాజుకు 2023లో ఇచ్చారు. రాష్ట్రపతి భవన్‌లో చప్పట్లు కొట్టించుకోవడానికి సరిపోయిన విద్య ఊరి హైస్కూల్లో ఏడో తరగతికి పాఠం చెప్పడానికి చాలదు, దానికి బీఈడీ కావాలి, టెట్ కావాలి. 2015 నుంచి కళా ఉత్సవ్ పేరుతో బడిపిల్లలకు పోటీలు పెట్టి బహుమతులిస్తున్నారు. నేర్పకుండా పోటీ పెట్టడమంటే, ఇంట్లో డబ్బుపెట్టి నేర్పించుకోగలిగినవాళ్లకు షీల్డు ఇవ్వడమే. ప్రభుత్వ బడిలో చదివే కూలివాళ్ల పిల్లకు రంగుపెట్టె ఇచ్చేవారు, కుంచె పట్టించేవారు బడిలో తప్ప ఇంకెక్కడా లేరు. అక్కడ కూడా లేకుండా చేసి, చెట్టు కింద కూర్చోమంటున్నారు.

తల్లిదండ్రులు ర్యాంకులు తప్ప ఏమీ అడగరని మాత్రం మళ్లీ చెప్పకండి. ప్రభుత్వ బడి తల్లిదండ్రుల్ని ఈ సంగతి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్‌లో డ్రాయింగ్‌కు ఎన్ని పోస్టులు, క్రాఫ్ట్‌కు ఎన్ని, సంగీతానికి ఎన్ని? అంకెలు చెప్పండి. సున్నా అయితే, దాచకుండా సున్నా అనే అచ్చువేయండి.