వేణుద్విచక్ర శాస్త్రం, డోర్నకల్ భాష్యంతో సహా

సూత్రం 1: సైకిలుకు ప్రాణం చక్రం కాదు, చట్రం.

భాష్యం: చైను తెగితే వేయించుకోవచ్చు. సీటు ఊడితే తువ్వాల చుట్టుకుని కూర్చోవచ్చు. బ్రేకులు లేకపోతే చెప్పులున్నాయి. ఫ్రేము విరిగితే మాత్రం మిగిలేది సైకిలు కాదు, సామాను. ఆ ఫ్రేము ఇనుముదే ఎందుకు కావాలి, వెదురుదో కర్రదో ఎందుకు కాకూడదు అన్నదే ఈ శాస్త్రానికి విషయం. సైకిలు తొక్కేవాడూ, తొక్కడం మానేసి మోకాళ్ళ గురించి మాట్లాడేవాడూ ఇద్దరూ దీనికి అధికారులే. ప్రయోజనం ఫలశ్రుతిలో చెప్పబడును.

ఇంత గహనమైన విచారానికి డోర్నకలే తగిన చోటు. నిన్నటి వరంగల్ జిల్లాకూ నేటి మహబూబాబాద్ జిల్లాకూ చెందిన ఈ ఊరు జంక్షను. కాజీపేట నుంచి విజయవాడ పోయే పెద్ద లైనులో కొత్తగూడెం లైను వచ్చి కలిసేది ఇక్కడే. ఆ లైను పట్టుకుని పోతే వాది, ప్రతివాది ఇద్దరూ ఒకే దారిలో దొరుకుతారు. కొత్తగూడెం దాటాక పాల్వంచ. సింగరేణి బొగ్గుతోనే ఇనుము తీయొచ్చని చూపడానికి అక్కడ స్పాంజి ఐరన్ కర్మాగారం పెట్టారు. ఇంకా ముందుకు పోతే, గోదావరి దాటకముందే, సారపాక కాగితం మిల్లు. రైతుల జామాయిలూ సుబాబులూ అందక ముందు ఆ మిల్లులో అడవి వెదురు ఉడికి గుజ్జయ్యేది. అంటే ఈ దారిలో ఇనుముకు పుట్టుక, వెదురుకు చావు. చివరకు ఇనుప సైకిలుకు రసీదు రాసిచ్చేది కూడా కాగితం మీదే. పక్షపాతం ఎంత పాతదో పండితులు గ్రహింతురు గాక.

సూత్రం 2: వెదురు గడ్డియే, చట్టం ఒప్పుకునేదాకా చెట్టు.

భాష్యం: వృక్షశాస్త్రం లెక్కన వెదురు వరికీ జొన్నకూ దాయాది. ఎన్నో ఏళ్ళకొకసారి పూసి గింజ పడితే వెదురు బియ్యమని వండుకు తింటారు కనుక ఈ చుట్టరికం కడుపుకూ తెలుసు. 1927 నాటి భారత అటవీ చట్టం మాత్రం రెండో సెక్షను ఏడో క్లాజులో దాన్ని చెట్ల వరుసలో నిలబెట్టింది. 2017లో పార్లమెంటు ఆ క్లాజులోంచి వెదురు పేరు తీసేసింది. నడుమ తొంభై ఏళ్ళు. ఆ కాలంలో ఎవడైనా వెదురు సైకిలెక్కి బజారుకు పోతే, ఆ చట్టం కంటికి వాడు చెట్టెక్కి పోతున్నట్టే. చీకట్లో ఆపినవారు లైటేదని అడగాలో, రవాణా పర్మిటేదని అడగాలో తేల్చుకోలేకపోయేవారు. ఇప్పటికీ అడవిలో పెరిగిన వెదురు అటవీ ఉత్పత్తే కనుక, సైకిలు కొనేముందు కంపెనీ పేరుతో పాటు దాని పుట్టినూరు కూడా అడగవలెను.

సూత్రం 3: బోలుతనమే బలం.

భాష్యం: పండితులు దీన్ని తమకు అన్వయించుకోరాదు. కడ్డీని వంచినా మెలిపెట్టినా భారం ఎక్కువగా దాని పై పొర మీదే పడుతుంది. నడుమ ఉండే సరుకు తూకం పెంచుతుందే తప్ప అంతగా అక్కరకు రాదు. సైకిలు కంపెనీలు కడ్డీలు మాని గొట్టాలు వాడేది ఇందుకే. ఈ సంగతి ముందే తెలిసినట్టు వెదురు బోలుగా పెరిగింది. గట్టి నారనంతా బయటి వైపు ఒత్తుగా పేర్చుకుంది. గొట్టం నొక్కుకుపోకుండా కణుపు కణుపుకూ లోపల అడ్డుగోడ కట్టుకుంది. 1897లో ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్ అనే ఇంగ్లండు ఆసామి, గోడ మందం అంతటా ఒకేలా ఉండనక్కర్లేదనీ, అతుకు పడే చివర్ల మందంగా, నడుమ పలచగా ఉంటే చాలుననీ కనిపెట్టి ఉక్కు గొట్టానికి పేటెంటు పొందాడు. వెదురు కూడా మొదట్లో మందంగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. దరఖాస్తు పెట్టుకోలేదు, అంతే తేడా.

కర్ర మాటేమిటని అడుగుదురు. కర్ర నిండు సరుకు కనుక బరువు. వడ్రంగి కుండలో ఆకులు బిగించి, పూటీలు తొడిగి, ఇనుప పట్టా వేసిన బండి గాను తరాల తరబడి దెబ్బలు ఓర్చుకుంది, నిజమే. కానీ దాన్ని లాగడానికి ఎడ్లుండేవి. సైకిలుకు ఎద్దు మనమే. అయినా అన్నగారి మర్యాద కర్రకే చెల్లాలి. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన తొలి ద్విచక్రం కర్రదే. దానికి పెడళ్ళు లేవు, నేలను కాళ్ళతో తన్నుకుంటూ పోవడమే. మనం ఆగడానికి చేసే పని ఆయన సాగడానికి చేశాడు.

ప్రమాణ ప్రకరణం

ప్రత్యక్షం: పోలీసు లాఠీకి పేరుపడ్డది సాధన వెదురు. ఇరిగింది వీపా లాఠీయా అన్నది తిన్నవాళ్ళను అడగవచ్చు.

అనుమానం: కావడి బద్ద మోసేవాడి అడుగుకు తగ్గట్టు ఊగి, బరువు దెబ్బను తానే మింగి, భుజాన్ని కాచింది. కనుక గుంతల రోడ్డు మీద ఫ్రేము కూడా నడుమును కాచునని ఊహ. ఇక పాడె. తెలుగువాడు ఎక్కే ఆఖరి వాహనం వెదురుదే. ఎక్కినవాడెవడూ ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

శబ్దం: శబ్దమంటే ఆప్తవాక్యం, నమ్మదగినవారి మాట. ఇక్కడ ఆప్తుడు ఒక కుక్క. కాలిఫోర్నియాలో క్రెయిగ్ కాల్ఫీ అనే ఆయన కార్బన్ ఫైబర్ సైకిళ్ళు కట్టేవాడు. ఆయన కుక్క వెదురు ముక్కను ఎంత కొరికినా అది విరగలేదట. అది చూసి 1990ల నడుమ ఆయన వెదురు ఫ్రేము కట్టాడు. ఇంగ్లండులో 1894లోనే వెదురు సైకిళ్ళ కంపెనీ వెలిసినా ఆ మోజు నిలవలేదు. కుక్క నోట పడ్డాకనే నిలిచింది. ఇప్పుడు అక్కడ ఆ ఫ్రేము ధర వేల డాలర్లు. మన ఊళ్ళలోనూ వెదురూ కుక్కలూ కొల్లలుగా ఉన్నాయి. వాటిని కలిపి చూసే తీరికే ఎవరికీ దొరకలేదు.

పూర్వపక్షం

సైకిల్ టాక్సీ నడిపిన అనుభవమున్న పూర్వపక్షి ఇలా అంటాడు: "గది పుచ్చిపోతది సారూ. ఎండకు పగుల్తది. అతుకు ఆగది. ఇనుపదైతే పాతసామానోడన్న కిలోల లెక్కన కొంటడు. దీన్నెవడు కొంటడు? పొయ్యిల పెట్టుకోవాలె."

సమాధానం: పురుగు వచ్చేది వెదురు కోసం కాదు, వెదురులో ఉన్న పిండి కోసం. ముదిరిన బొంగును పిండి తక్కువున్న కాలంలో కొట్టి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెడితే పురుగు వేరే ఇల్లు చూసుకుంటుంది. పచ్చి బొంగుతో కడితే మన మే నెల ఎండకు పగలడం ఖాయం. నీడలో నిదానంగా ఆరబెట్టి కట్టాలి. వంపు కావాలంటే సెగ చూపాలి. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెత రాసినవారు మేదరి వాకిట్లో ఒక పూట కూర్చోలేదు. అతుకు మాత్రం నిజంగానే చిక్కు. వెదురు అడ్డంగా విరగదు, నిలువునా చీలుతుంది. మేకు దిగ్గొడితే అక్కడే చీలిక మొదలు. అందుకే మేకు మాని, నారను ఎపాక్సీ జిగురులో తడిపి, కలిసే చోట గట్టిగా చుట్టి బిగిస్తారు. కాల్ఫీ కూడా నారే చుట్టాడు.

నాలుగో ఆక్షేపణకు శాస్త్రంలో జవాబు లేదు. పాతసామాను బండివాడు తూచేది ఇనుమునే.

సిద్ధాంతం

వెదురుకు తక్కువైంది బలం కాదు, పరపతి. ఒకప్పుడు కట్నంలో సైకిలు, వాచీ, రేడియో అడిగేవారు. మామగారు ఆ సైకిలును వెదురుతో కట్టించి తెచ్చాడనుకుందాం. అది ఉక్కు కన్నా తేలికైనా, గతుకుల్లో మెత్తగా సాగినా, అల్లుడు అలక పాన్పు దిగడు. "తట్టలల్లే బొంగుతో నాకు సైకిలా?" అంటాడు. అదే సైకిలు కాలిఫోర్నియా నుంచి డబ్బాలో దిగితే, ముందు రాడు మీద బావమరిదిని కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాడు. పదార్థం అదే, కణుపులవే. మారింది దిగిన స్టేషను.

పరాయి రూపాన్ని మన సరంజామాతో కట్టకూడదని డోర్నకల్‌లో మాత్రం ఎవరూ అనలేరు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఇక్కడే ఉండి కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి పోకడ, మసీదు పోకడ కలిసిన ఆ చర్చిలో ప్రార్థన ఏమీ తక్కువ పడలేదు. దేవుడు ఒప్పుకున్నదాన్ని అల్లుడు ఒప్పుకోకపోవడం శాస్త్ర విరుద్ధం.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని నిష్ఠగా చదివిన అల్లుడికి అలక తీరును. చదివి వినిపించిన మామకు డబ్బు మిగులును. పరిశోధకులకు డాక్టరేటు, కంపెనీలకు సబ్సిడీ, కాలిఫోర్నియా కుక్కకు మరో వెదురు ముక్క ప్రాప్తించును. మేదరికి మాత్రం తట్ట ధరే దక్కును. సాయంత్రంలోగా అల్లి అంగడికి చేర్చాలి కనుక ఆయనకు ఇది చదివే తీరిక ఉండదు.