ఏసీలో పెడదామా, అమ్మేద్దామా?

ఆట నడిచే రోజుల్లో కంటే ఆట లేని రోజుల్లోనే మా ఊళ్ళో ఆట గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. ఆట నడిచేటప్పుడు ఎదురుగా టీవీ ఉంటుంది, మూలన స్కోరు ఉంటుంది, అబద్ధమాడితే అక్కడికక్కడే దొరికిపోతాం. సీజన్ అయిపోయాక ఆ భయం లేదు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలించుకోవాలి, వచ్చే ఏటికి ఏ కుర్రాడు చేతికి అందొస్తాడు అని నోటికొచ్చింది మాట్లాడొచ్చు. తప్పని తేలేసరికి ఎటూ ఏడాది పడుతుంది. అప్పటికి ఆ మాట అన్నది తను కాదని ఒట్టు పెట్టుకోవచ్చు.

మాది పర్చూరు వైపు. పుట్టింది ప్రకాశం జిల్లాలో, సరుకు అమ్మేది గుంటూరులో. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు ప్రకాశం మమ్మల్ని వదిలేసింది, బాపట్ల తీసుకుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. కాబట్టి ఒక ఆటగాణ్ణి రాత్రికి రాత్రి వేరే జట్టు వాళ్ళు పట్టుకుపోయారంటే వాడి బాధేమిటో మాకు బాగా తెలుసు.

మా జట్టు తెలుగు టైటాన్స్. ‘మా’ అంటున్నాను గానీ ఆ జట్టువాళ్ళకు మా ఊరు ఏ దిక్కునుందో తెలియదు, ఆడేవాళ్ళలో చాలామందికి తెలుగూ రాదు. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు ఉత్తరప్రదేశ్ నుంచి రాహుల్ చౌధరి వచ్చాడు. ఆరు సీజన్లు మాకే ఆడాడు. మా పిల్లలు అతనిలాగే కూతకెళ్ళేవాళ్ళు, అతనిలాగే తొడ కొట్టేవాళ్ళు. 2019లో అతను 94 లక్షలకు తమిళ్ తలైవాస్‌కు వెళ్ళిపోయాడు. మనవాళ్ళు 1 కోటి 45 లక్షలు పోసి కొల్హాపూర్ వైపు కుర్రాడు సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చుకున్నారు. ఆ ఏటి వేలంలో అదే పెద్ద పాట. జట్టు మాత్రం ఆ ఏడు కిందనుంచి రెండోదిగా తేలింది.

అప్పుడే మా బాబాయి రంగంలోకి దిగాడు. అంతదాకా ఆయనకు కబడ్డీ అంటే ఊరి చెడుగుడే. వేలం అన్న మాట వినపడగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఏడాదికోసారి గుంటూరు మిరప యార్డులో నిలబడి, తన సరుకుకు వేరేవాళ్ళు రేటు కట్టడం చూసే మనిషి. ఆయన దృష్టిలో ఆట నలభై నిమిషాల తతంగం, అసలు సంగతంతా అంతకుముందే జరిగిపోతుంది.

మిరప తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కళ్ళంలో కాయ ఎండాక రైతు ముందు రెండే దార్లు ఉంటాయి. టిక్కీలు, అంటే బస్తాలు కట్టి యార్డుకు తోలి ఆ రోజు రేటుకు అమ్మేయడం ఒకటి. రేటు పెరుగుతుందన్న ఆశతో ఏసీలో పెట్టడం రెండోది. ఏసీ అంటే గుంటూరు చుట్టూ ఉండే కోల్డ్ స్టోరేజీ. అందులో పెడితే కాయ రంగు పోదు, రైతు ముఖంలో రంగు పోతుంది. అద్దె పెరుగుతుంది, అప్పుకు వడ్డీ పెరుగుతుంది, పెరగాల్సిన రేటు మాత్రం కదలదు. క్వింటా 20 వేలు దాటిన 2023 నాటి రోజుల్ని తలుచుకుంటూ తర్వాత ఏసీలో పెట్టినవాళ్ళు, 2025 ఫిబ్రవరికి కేంద్రం 11,781 రూపాయల మద్దతు రేటు ప్రకటిస్తే అదైనా చేతికొస్తుందా అని లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది.

ప్రొ కబడ్డీలో రిటెన్షన్ అని ఒక జాబితా ఉంటుందనీ, వేలానికి ముందు ప్రతి జట్టూ కొందరిని అట్టిపెట్టుకుని మిగతావాళ్ళను వదిలేస్తుందనీ బాబాయికి చెప్పాను.

“ఓస్, ఏసీలో పెట్టడమేగా!” అన్నాడు.

అంతే, మా ఊళ్ళో రిటెన్షన్ అన్నమాట చచ్చిపోయింది. ఫలానావాణ్ణి ఏసీలో పెట్టారంట, ఫలానావాణ్ణి యార్డుకు తోలారంట, వేలంలో ఎవరూ కొననివాడు తాలు. తాలంటే రంగుపోయి తెల్లబడ్డ కాయ. దాన్నీ కొనేవాళ్ళుంటారు, కాకపోతే రేటు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

మా మేనల్లుడు డాలస్ నుంచి వచ్చినప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఒక పూటంతా చెప్పాడు. అక్కడ వేలం ఉండదట. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళను 32 జట్లూ వరసలో ఎంచుకుంటాయి. పోయిన సీజన్లో అందరికంటే అడుగున ఉన్న జట్టుకే మొదటి ఎంపిక. బాబాయి చాలాసేపు ఆలోచించాడు.

“అట్టయితే మనవడా, మన టైటాన్స్‌ను ఆ దేశం పంపించు. ప్రతేడూ మొదటి పాట మనదే.”

ఆయన అన్నదాంట్లో అన్యాయమేం లేదు. ఎనిమిదో సీజన్లో టైటాన్స్ 22 మ్యాచులు ఆడి 1 గెలిచింది. తొమ్మిదిలో 2. పదిలోనూ 2. మూడుసార్లూ అట్టడుగే. నల్ల తామర పురుగు పడి మిరప తోటలు నాశనమైంది కూడా ఆ ఎనిమిదో సీజన్ నడిచిన 2021-22లోనే. తోట చూసి ఇంటికొచ్చి టీవీ పెట్టుకుంటే అక్కడా అదే వరస. అయినా చూడటం మానలేదు. పురుగు పడిందని మరుసటేడు మిరప వేయడం మానామా? ఇదీ అంతే.

ఇక పవన్ సెహ్రావత్ సంగతికొస్తాను. ఇది మా టీ కొట్టులో ఇప్పటికీ నలుగుతూనే ఉంది. 2022లో తమిళ్ తలైవాస్ అతన్ని 2 కోట్ల 26 లక్షలు దాటించి కొంటే, మొదటి మ్యాచులోనే మోకాలు దెబ్బతిని సీజనంతా కూర్చున్నాడు. వాళ్ళు వదిలేశారు. 2023 అక్టోబర్ వేలంలో మనవాళ్ళు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. ప్రొ కబడ్డీ మొదలయ్యాక అప్పటిదాకా అంత రేటు ఎవరికీ పలకలేదు. ఒక్కో జట్టు మొత్తం ఖర్చు పెట్టగలిగేదే 5 కోట్లు. సగానికి పైగా ఒక్కడికే పోసి మిగతాదాంతో జట్టును కూర్చారు.

“సంచి పైన మంచి కాయ పరిచారు, అడుగున ఏముందో చూడండ్రా,” అన్నాడు బాబాయి. యార్డులో అనుభవం మరి.

పవన్‌ను ఏమీ అనడానికి లేదు. 200 పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అతను కూతకెళ్ళి ఇద్దర్ని కొట్టి వచ్చేవాడు, మనవాళ్ళు వెనక్కి తిరిగి అవతలివాళ్ళకు ముగ్గుర్ని ఇచ్చేవాళ్ళు. ఆ సీజన్లో గెలిచిన రెండు మ్యాచుల సంగతి ముందే చెప్పాను.

2024 ఆగస్టులో ముంబయిలో వేలం. అతన్ని ఏసీలో పెట్టకుండా యార్డుకు తోలారు. పాట 1 కోటి 72 లక్షల 50 వేల దగ్గర ఆగింది. అప్పుడు మనవాళ్ళు ఒక కార్డు ఎత్తారు. ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు దాన్ని. నువ్వు వదిలేసిన ఆటగాణ్ణి వేరేవాడు హెచ్చు పాట పాడి కొనబోతుంటే, అదే రేటుకు నేనే తీసుకుంటానని అడ్డుపడే హక్కు. బాబాయికి ఇది ఎంత చెప్పినా మింగుడు పడలేదు.

“మన సరుకు మనమే తెచ్చి, మనమే పాటకు పెట్టి, మళ్ళీ మనమే కొనుక్కోవాలా?”

“అంతే బాబాయ్.”

“దీనికి కార్డెందుకురా! ఇక్కడ కాయ అమ్మి, చిల్లరకొట్లో కారం ప్యాకెట్ కొనుక్కోవడంలా మనం?”

దీనికి నా దగ్గర సమాధానం లేదు, లీగువాళ్ళ దగ్గర కూడా ఉంటుందనుకోను.

అయితే ఆ ఏడు కథ కొంత మారింది. కోచ్‌గా కృషన్ కుమార్ హుడా వచ్చాడు. జట్టు 12 మ్యాచులు గెలిచింది. మా వీధిలో టపాకాయలు కాల్చారు. అప్పట్లో పై ఆరు జట్లే ముందుకెళ్ళేవి, మనది ఏడోది. మిగిలిన టపాకాయలు పక్కింటి పెళ్ళికి వాడారు.

2025 వేసవి వేలంలో పదిమంది కోటి దాటారు. ఇరాన్ మొనగాడు షాద్‌లూకు 2 కోట్ల 23 లక్షలు. పవన్ మాత్రం 59 లక్షల 50 వేలకు మళ్ళీ తమిళ్ తలైవాస్‌కే వెళ్ళాడు. 2 కోట్ల 60, తర్వాత 1 కోటి 72, తర్వాత 59. నేను ఆశ్చర్యపోయాను గానీ టీ కొట్టులో ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తలేదు. తేజ రకం మిరప రేటు ఆ మూడేళ్ళలో ఎట్లా జారిందో వాళ్ళ కళ్ళముందే ఉంది. రేటు పడితే కాయలో కారం తగ్గినట్టా అని ఒకాయన అడిగాడు. తగ్గదు. కొనేవాడికి ఆ పూట అవసరం తగ్గుతుంది, అంతే.

మనవాళ్ళు ఆ వేలంలో 81 లక్షలకు భరత్ హుడాను తెచ్చారు. విజయ్ మలిక్‌కు కెప్టెన్సీ ఇచ్చారు. ఇద్దరూ హర్యానావాళ్ళే. ఇంత తక్కువ ఖర్చుతో ఏం తెస్తారని బాబాయి కొట్టిపారేశాడు. జట్టు క్వాలిఫయర్-2 దాకా వెళ్ళి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద. ఆ రాత్రి నుంచి తను మొదటినుంచీ భరత్ పక్షమేనని బాబాయి చెప్పుకుంటున్నాడు. సాక్షులుగా ఇద్దర్ని కూడా కుదుర్చుకున్నాడు.

కొత్త కుర్రాళ్ళ విషయానికొస్తే మాకు క్రికెట్‌లో ఒక ముచ్చట ఉంది. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్. 2022లో అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకు వైస్ కెప్టెన్. 2023 సీజన్‌కు చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షలకు కొంది. ఇంకేం, ఇవాళో రేపో దిగుతాడని టీవీల ముందు కూర్చున్నాం. 2023 అయిపోయింది, 2024 అయిపోయింది. మధ్యలో వదిలేసి, 30 లక్షలకు మళ్ళీ కొన్నారు. చివరికి 2025 ఏప్రిల్ 14న లక్నో మీద దించితే 19 బంతుల్లో 27 కొట్టాడు. గుంటూరు సరుకు కదా, రెండేళ్ళు ఏసీలో పెట్టి తీసినా రంగు పోలేదని మా ఊరి తీర్మానం.

ఇంతకంటే కష్టమైన వేలం మా ఊళ్ళో ఒకటుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు ఒక పక్క కదులుతుంటే, చుట్టుపక్కల ఊళ్ళలో కబడ్డీ పోటీలు పెడతారు. మా జట్టుకు ఒక కమిటీ, కమిటీకి ఒక ప్రెసిడెంటు. ఆటగాళ్ళకు డబ్బివ్వడం మా వల్ల కాదు. ఒప్పందం ఏమిటంటే బస్సు చార్జీ, నిక్కరు, బనీను, గెలిస్తే బిర్యానీ, ఓడితే పెరుగన్నం. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా పాత రైడర్‌కు పొట్ట వచ్చింది. వాణ్ణి ఉంచుకోవాలా వదలాలా అని కమిటీ రెండుగా చీలింది. ఉంచుకోవాలన్న వర్గం వాదన బలమైనది: బనీన్లకు డబ్బిచ్చేది వాడే. ఉంచుకున్నారు.

అసలు సమస్య కుడి కార్నర్. ఆ చోటుకు ఒక్కడే ఉన్నాడు, పాలిటెక్నిక్ చదివే పిల్లాడు. చీలమండ పట్టుకున్నాడంటే అవతలివాడు గీత మర్చిపోవాల్సిందే. పక్క ఊరివాళ్ళు బూట్లు కొనిస్తామని అప్పటికే వాడికి కబురు పెట్టారట. కమిటీ మొత్తం వాళ్ళింటికి వెళ్ళింది. మాట్లాడింది వాళ్ళమ్మ. ముంబయి వేలాల్లో కూర్చునే పెద్దమనుషులు ఆమె దగ్గర ఒక్క సీజన్ పనిచేస్తే బాగుపడతారు.

“పిల్లాణ్ణి పంపుతా అన్నయ్యా, కాదనను. వాడు వారం రోజులు మీతో తిరిగితే నా చేలో రెండో కోత ఎవరు కోస్తారు? కూలీలు దొరుకుతున్నారా మీకు?”

దొరకడం లేదు. మాఘమాసంలో మిరప కోతకు మనుషుల్ని తేవడం కంటే ఇరాన్ నుంచి ఆటగాణ్ణి తేవడం సులువు.

“మరి ఏం చేద్దామంటావు చెల్లెమ్మా?”

“పక్క ఊరివాళ్ళు బూట్లు ఇస్తామన్నారు. మీరు ఒక పూట కోతకు రండి. కమిటీవాళ్ళు అందరూ. టిఫిను నేను పెడతా.”

ప్రెసిడెంటు మావైపు చూశాడు. మేం గోడ మీది క్యాలెండరు వైపు చూశాం. మాట ఖాయమైంది.

తెల్లారి ఆరింటికి చేలోకి దిగాం. ఉప్మా బాగుంది, దాని గురించి మాట రానివ్వను. ప్రెసిడెంటు మూడో సాలు దాటేసరికి నడుం పట్టుకుని నిలబడ్డాడు. చేతులు మండుతున్నాయి, మర్చిపోయి కన్ను కూడా నలుపుకున్నాడు. బాబాయి గట్టు మీద కూర్చుని, ఎవరు ఎన్ని కాయలు కోశారో పైకి లెక్క చెబుతున్నాడు. తాలు కాయ కోసినవాడి పేరు మాత్రం కాస్త గట్టిగా చదువుతున్నాడు.

“చెల్లెమ్మా,” అని పిలిచాడు ప్రెసిడెంటు, కళ్ళు మూసుకునే, “పిల్లాణ్ణి మీరే ఉంచుకోండి. నన్ను రిలీజ్ చెయ్యండి.”

ఆమె తలెత్తకుండానే చెప్పింది. “ఆ ముచ్చట కోత అయ్యాక మాట్లాడుకుందాం అన్నయ్యా. ముందు ఆ సాలు ముగించండి.”