నీరటి లేని చెరువు

మా రోజుల్లో చెరువు ఊరందరిదీ. ఇప్పుడు ఎవరిదీ కాదు. పాడవడానికి ఆ ఒక్కటీ చాలు.

ప్రకృతి, ప్రకృతి అని ఇప్పటివాళ్ళు తెగ మాట్లాడుతారు. మా ఓరుగల్లు వైపు పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు ప్రకృతి ఒక్కటే చేసినవా? గుట్టల మధ్య సందు చూసి కాకతీయుల నాటి మనుషులు కట్ట పోశారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేటట్టు ఊరూరా గొలుసు కట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు ఉండే దోషాలు ఆరు అని అందులో లెక్కగట్టి చెప్పారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్ళు పట్టిందని కూడా రాశారు. అంత చెమట ఉంది ఆ నీళ్ళ వెనక.

కట్టడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు. మా ఊళ్ళో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తియ్యాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో ఆయన మాటే మాట. కోతలయ్యాక కల్లంలోనే ఆయన మేర ఆయనకు కొలిచేవాళ్ళం. వానకాలం రాత్రి కట్టకు బుంగ పడిందని కేక వేస్తే పారలు పట్టుకొని ఊరంతా ఉరికేది. ఎండాకాలం పూడికమట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్ళం. చెరువు లోతయ్యేది, చేను బలిసేది. బెస్తలకు చేపలు, గొడ్లకు నీళ్ళు, సద్దుల బతుకమ్మనాడు ఆడబిడ్డలకు కట్ట. చెరువుతో పని లేని ఇల్లు ఒక్కటీ లేదు.

బోర్లు వచ్చాక ఎవరి నీళ్ళు వాళ్ళవయ్యాయి. చెరువు ఎండితే నాకేం అన్నారు. అదే చెరువు నిండితే ఆ బోర్లలోకి నీళ్ళు ఊరుతాయన్న సంగతి మరిచిపోయారు! నీరటిని మాన్పించారు. కాలువల్లో కంప మొలిచింది, చెరువు నీళ్ళు నిలిచే శికంలో ప్లాట్ల రాళ్ళు మొలిచాయి. పట్నంలోనూ ఇదే కథ. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగితే వానను తిట్టారు. నీళ్ళు పోయే దారిలో ఇళ్ళు కట్టుకొని వానను తిడితే ఏం లాభం?

2015లో ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయించడం మొదలుపెట్టింది. మంచి పనే, కాదనను. కానీ తీసిన పూడిక మళ్ళీ చేరకుండా ఉంటుందా? ఏటేటా చూసుకునే మనిషి ఏడీ? 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. గుడికి వచ్చినవాళ్ళు పక్కనున్న చెరువు దగ్గర ఫొటోలు దిగి పోతున్నారు. ఇప్పటికీ ఆ నీళ్ళతో పొలాలు పారుతున్నాయని వాళ్ళకు చెప్పేవాళ్ళేరి?

అందుకే ముసలాడి గొణుగుడు అనుకున్నా సరే, చెబుతాను. ఊరూరా నీరటిని మళ్ళీ పెట్టండి, జీతం ఇవ్వండి. శికం హద్దురాళ్ళు పాతండి. ఎండాకాలం పిల్లల్ని వెంటబెట్టుకొని పూడికకు కదలండి. మనుషులు కట్టిన చెరువు ఇది. మనుషులు పట్టించుకుంటేనే నిలుస్తుంది.