అధ్యక్షులవారూ, నా స్టార్ జనరేటర్ గదిలో ఎందుకుంది?

మా అపార్ట్‌మెంటు యజమానుల సంక్షేమ సంఘం అధ్యక్షులవారి దివ్యసముఖమునకు, గుంటూరు, ఫ్లాట్ నంబరు 304 నుంచి ఒక రిటైర్డు లెక్కల టీచరు వందనాలతో రాయునది.

తమరి ఏలుబడిలో మేమంతా క్షేమం. మోటారు రోజుకు రెండుసార్లు వేస్తున్నారు. లిఫ్టు వారానికి నాలుగు రోజులు నడుస్తోంది. ఈ నెల 5వ తేదీన లిఫ్టు పక్కన తమరు అంటించిన నోటీసు చదివి మరీ ధన్యులమయ్యాం. ఈ ఏడు క్రిస్మస్ అలంకరణ 'మినిమలిస్ట్' పద్ధతిలో, 'స్కాండినేవియన్ థీమ్'లో ఉండాలట. బాల్కనీల్లో రంగు కాగితాల స్టార్లు, తోరణాలు 'ఎలివేషన్ అందాన్ని' చెడగొడతాయట. లైట్లు వేసుకునేవాళ్లు 'వార్మ్ వైట్' మాత్రమే వేసుకోవాలట. వార్మ్ వైట్ అంటే ఏంటమ్మా అని మా పనమ్మాయి అడిగింది. వెచ్చని తెలుపు అన్నాను. "అంటే పాలా?" అంది. దానికున్న తెలివి ఆ నోటీసు రాసినవారికి ఉంటే నాకీ ఉత్తరం ఖర్చు తప్పేది.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు. నా స్టార్ ఎవరు దించమన్నారండీ?

మొన్న శనివారం సాయంత్రం నేను గుడిలో సెమీ క్రిస్మస్‌కి వెళ్లాను. ఆ వేళ చూసుకుని వాచ్‌మన్‌ను పంపారు. పనమ్మాయి తలుపు తీసింది. "పైనుంచి ఆర్డరు" అన్నాడట. పైనుంచి అంటే మా ఇంట్లో అర్థం వేరు, పాపం అది నోరు మూసుకుని పక్కకు జరిగింది. పనయ్యాక తాళం వేసి ఇంటికి వెళ్లిపోయింది. నేను తొమ్మిదింటికి వచ్చి, చెప్పులు విడవకముందే అలవాటుగా బాల్కనీ స్విచ్చి వేశాను. దేనికి వేశానో నాకేం తెలుసు, కర్టెన్ వేసి ఉంది. పెద్ద ఫ్లాస్కులు రెండింటి నిండా టీ పోశాను. డబ్బాలోంచి గులాబీ పువ్వులు తీసి పళ్లెంలో సర్దాను, పాతికమందికి. ఆ రాత్రి క్యారల్స్ మా వీధికని అంతకుముందు ఆదివారమే గుడిలో చెప్పారు.

ఒంటిగంటన్నరకు డోలక్ వినపడింది. లేచి చీర సర్దుకుని ముందు గదిలో లైటు వేశాను. పాట మా గేటు దాకా వచ్చింది. చరణం సగంలో ఉంది. ఇప్పుడు ఆగుతుంది, గేటు కొడతారు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వస్తుంది అని తలుపు తీసి నిలబడ్డాను. పాట ఆగలేదు. అలాగే ముందుకు వెళ్లి, మలుపు తిరిగి, సన్నబడిపోయింది. అప్పుడు కర్టెన్ తీసి చూస్తే మేకు ఉంది, వైరు వేలాడుతోంది.

ఫోను చెయ్యొచ్చుగా అంటారు. చేశాను. మూడోసారికి ఎత్తాడు క్వయిరు పిల్లాడు. "అయ్యో ఆంటీ, స్టార్ లేకపోతే మీరు ఊరెళ్లారనుకున్నాం" అన్నాడు. అప్పటికి వాళ్ల ఆటోలు కొరిటెపాడు దాటేశాయి. పళ్లెం ముందర పెట్టుకుని రెండున్నర దాకా కూర్చున్నాను. టీ పొద్దున్నే సింకులో పోశాను.

అధ్యక్షులవారూ, స్టార్‌ను తమరు అలంకరణ అనుకున్నారు. అది అడ్రసు. పాతిక ఫ్లాట్ల భవనంలో మేం నాలుగిళ్లవాళ్లం. అర్ధరాత్రి తాళం వేసిన గేటు ముందు నిలబడి, ఏ ఫ్లాటులో ఎవరున్నారో ఆ పిల్లలకెలా తెలుస్తుంది? తలెత్తి చూస్తారు. స్టార్ ఉంటే పాడతారు, లేకపోతే పోతారు. డిసెంబరు ఒకటికి స్టార్ ఎక్కించేది అందుకు. ఎలివేషన్ కోసం కాదు.

ఆదివారం పొద్దున జనరేటర్ గదిలో దొరికింది, యూరియా గోతాంలో కుక్కి. ఒక కొమ్ము విరిగింది. అది ఫ్యాన్సీ షాపులో కొన్న స్టార్ అయితే ఇంత గొడవ చెయ్యను. ఆ చట్రం మా ఆయన కట్టింది. పందొమ్మిదేళ్లుగా అటక మీది నుంచి దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. నేను ఏటా కాగితం మారుస్తాను, అంతే. తమరి కమిటీలో ఇంజనీర్లున్నారు కాబట్టి ఎలా కడతారో చెబుతాను. అయిదు వెదురు బద్దలతో ఒక నక్షత్రం, ఇంకో అయిదింటితో ఇంకొకటి. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొనల దగ్గర పురికొసతో బిగిస్తారు. అప్పుడది అప్పడంలా ఉంటుంది. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్ల జానెడు పుల్లలు అడ్డం పెడితే పొట్ట ఉబ్బి నిలబడుతుంది. పిల్లలకు పంచభుజి కోణాలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను స్కూలుకు పట్టుకెళ్లింది ఈ చట్రాన్నే. మైదా జిగురు కాచేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తాను, బొద్దింకలు ముట్టవు. రెండు రంగుల గాలిపటం కాగితం, ఒక పక్క బల్బు పట్టేంత సందు. ఏడాదికి అరవై రూపాయలు. లోపల తొమ్మిది వాట్ల బల్బు. రాత్రికి అయిదు గంటలు వెలిగినా నెలంతా కలిపి యూనిటున్నర కాదు. ఇంతకంటే మినిమమ్ ఏముంటుందో తమరు చెప్పాలి.

ఇక తమరి మినిమలిజం సంగతి. కింద లాబీలో పెట్టించారు, చూశాను. తెల్ల రంగు వేసిన ఎండు పుల్లలు, సన్నమూతి గాజు కూజాలో. వాటికి బంగారు రంగు గోళీలు మూడు. పక్కన ఒక కొవ్వొత్తి, దాన్ని వెలిగించకూడదని చీటీ. డెకరేషన్‌వాళ్ల బిల్లు 18,500. పాతిక ఫ్లాట్లకు పంచితే తలా 740. మెయింటెనెన్సులో కలిపి నా దగ్గరా వసూలు చేశారు. మా ఊళ్లో ఆ పుల్లల్ని పొయ్యిలో పెడతారు, రంగు కూడా వెయ్యరు. 740 రూపాయలకు నేను పన్నెండు క్రిస్మస్‌లు చేస్తాను. ఇదే 740 లిఫ్టుకు పెట్టండి మహాప్రభో అని జూన్ నుంచి మొత్తుకుంటున్నాను. మోకాళ్లు నావి.

స్కాండినేవియా అన్నారు కాబట్టి ఆ ముచ్చటా తీరుద్దాం. 2018లో హైటెక్ సిటీలో ఐకియా తెరిచినప్పటి నుంచి మనవాళ్లకు ఈ మాట మీద మోజు పెరిగింది, పెరగనీ. మా మేనల్లుడు స్టాక్‌హోంలో ఉంటాడు. ఈ నోటీసు ఫొటో తీసి వాడికి పంపాను. వాడు జవాబు రాయలేదు, వాళ్ల వీధి ఫొటో పంపాడు. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం మూడు కాకుండానే పొద్దు గూకుతుంది. ఆ చీకట్లో ఎదురుగా నాలుగంతస్తుల మేడ. కిటికీ కిటికీకీ ఏం వేలాడుతోందనుకున్నారు? కాగితం స్టార్, లోపల బల్బు. కొన్ని తెలుపు, కొన్ని ఎరుపు, ఒకటైతే కనకాంబరం రంగు. స్వీడన్ వాళ్లు అడ్వెంట్ రోజుల్లో కిటికీలో కాగితం స్టార్ కట్టకుండా ఉండరట. అది వాళ్లకు జర్మనీ నుంచి వచ్చింది. అక్కడ మొరేవియన్లనే క్రైస్తవుల బడిలో దాదాపు రెండు వందల ఏళ్ల కిందట పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి చేయించారు. చూశారా, అక్కడా లెక్కల టీచరే. అంటే తమరు స్కాండినేవియా పేరు చెప్పి దించింది అచ్చంగా స్కాండినేవియాలో కట్టేదాన్ని. ఆ ఫొటో ప్రింటు తీయించి తమరి నోటీసు పక్కనే అంటించాను. సాయంత్రానికి చింపేశారు. నోటీసు మాత్రం ఉంది.

తెలుపు గురించి మాకెవరూ చెప్పక్కర్లేదు. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ దిగిన ఊరు ఇది, క్రిస్మస్ నిన్న మొన్న రాలేదు. నా చిన్నప్పుడు పల్లెలో పండక్కి పది రోజుల ముందు ఇంటింటా సున్నం నానేది. కుండలో అది కుతకుత ఉడుకుతుంటే దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు మమ్మల్ని. చిటికెడు నీలిమందు, అడుగున జాజు పట్టీ. తెల్లారేసరికి పేటంతా ఒకటే తెలుపు, దాని మీద ఒక్కో గుమ్మానికి ఒక్కో రంగు స్టార్. తెలుపు ఎందుకు వేసేవాళ్లంటే ఆ రంగు కనపడాలని. తమరు గోడ ఉంచి బొమ్మ తీసేశారు.

ఇప్పుడు మా ఇంట్లో చూద్దురుగాని రండి, ఏముందని? బాపట్ల వైపు నుంచి వచ్చే సరుగుడు కొమ్మ ఒకటి, వంద రూపాయలు. పాత పెయింటు డబ్బాలో ఇసుక పోసి నిలబెట్టాను. వాకిట్లో ఒక ముగ్గు. పురికొసకు గుచ్చిన పాత గ్రీటింగు కార్డులు. కొమ్మకు దూది అంటించను, గుంటూరులో మంచు ఏమిటని మా ఆయన ఒప్పుకునేవారు కాదు.

అన్నట్టు, రెండో అంతస్తు ఆర్‌సీఎం వాళ్లు సెల్లారు మూలలో ఏటా వేసే పశువుల పాకను ఎందుకు వద్దన్నారు? వరిగడ్డి నీట్‌గా ఉండదనా? 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే పల్లెలో సెయింట్ ఫ్రాన్సిస్‌గారు మొదటిసారి తొట్టి పెట్టినప్పుడు గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద, అంతే పెట్టించారు. డెకరేషన్‌వాళ్లను పిలవలేదు. సత్రంలో చోటు దొరకని సంగతి నేనిక్కడ ఎత్తను. ఆదివారం మా పాస్టరుగారు ఎత్తేశారు, అపార్ట్‌మెంటు పేరు చెప్పలేదు గానీ అందరూ నావైపే చూశారు.

వినాయక చవితికి చందా అడిగితే మారుమాట లేకుండా ఇచ్చాను. ప్రసాదం పులిహోర రెండుసార్లు పెట్టించుకుని మరీ తిన్నాను. కార్తీకంలో బాల్కనీలన్నిటా దీపాలు వరసగా వెలుగుతుంటే కుర్చీ వేసుకుని చూశాను. అప్పుడు ఎలివేషన్‌కు ఏమీ కాలేదు, బాగుంది కూడా. నాదీ ఒక్క దీపమేగా నాయనా. కాకపోతే కాగితం చుట్టింది.

నిన్న మెట్ల దగ్గర మీ అమ్మగారు కలిశారు. "ఏం టీచరుగారూ, ఈసారి మీ స్టార్ కనపడటం లేదు? రాత్రి నిద్ర పట్టకపోతే కిటికీలోంచి దాన్నే చూస్తుంటాను" అన్నారు. మీ అబ్బాయి దించాడని చెప్పలేదు. బల్బు పోయిందన్నాను. పండగ నెలలో అబద్ధం ఆడించారు నా చేత. గులాబీ పువ్వులు ఒక డబ్బా ఇచ్చాను, ఆవిడకిష్టం. మీరు కూడా తిన్నారట.

విరిగిన కొమ్ముకు కొత్త బద్ద కట్టాను, ఆ పక్కకు ఎర్ర కాగితం వేశాను. ఎరుపు వద్దంటే చెప్పండి, తెల్లదే వేస్తాను, వెచ్చనిదో చల్లనిదో మీ ఇష్టం. క్వయిరు పిల్లలు ఇరవై నాలుగు రాత్రి గుడికి పోయే ముందు మళ్లీ ఇటొస్తామన్నారు. మేకు అలాగే ఉంది. వైరూ ఉంది. స్టూలు ఎక్కడం ఇప్పుడు నా వల్ల కాదు. దించినవాణ్నే ఒక్క పది నిమిషాలు పంపండి బాబూ, స్టూలు నేను పట్టుకుంటాను.

ఇట్లు,
ఫ్లాట్ 304, రోడ్డు వైపు బాల్కనీ