పోర్టికో మొర

బాలానగర్‌లో మా అమ్మాయి మెషిన్ షాపు చిక్కిపోయింది. ఆ మేరకు మా ఇల్లు ఒళ్లు చేసింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని విన్నవించుకోవడానికే ఈ మొర.

ముందు న్యాయంగా ఒక మాట. షాపులో అది చేసిన పని బాగుంది. వృథానీ నిల్వనీ తగ్గించే లీన్ పద్ధతి పెడతామనే యజమానులు చాలామంది ఓ కన్సల్టెంటుని పిలిచి, గోడకి నాలుగు పోస్టర్లు అంటించి, ఏసీ గదిలోకి వెళ్లి కూర్చుంటారు. మా పిల్ల రోజూ పొద్దున్నే లేత్‌ల మధ్య నిలబడి మాట్లాడుతుంది. బోర్డు మీద ప్రతి పానా ఆకారం దాని చోట గీయించింది. ఏది లేకపోయినా ఖాళీ కంటబడుతుంది. ఒక పార్టు నుంచి ఇంకో పార్టుకి మెషిన్ మార్చడానికి పూటంతా పట్టేది, ఇప్పుడు గంటలోపే అవుతోంది. పని మిగిలిందని ఎవరినీ మానిపించనని మొదటిరోజే చెప్పింది. అందుకే కుర్రాళ్లు తమకు తెలిసిన కిటుకులు దాచుకోలేదు. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరమల్లా ఎర్రచీటీల దగ్గర మొదలైంది. వాడని వస్తువుకి ఎర్రచీటీ కట్టి, కొన్నాళ్లు ఓ పక్కన పెట్టి, అప్పటికీ ఎవరూ అడక్కపోతే వదిలించుకోవాలట. ఆ ‘ఓ పక్క’ మా పోర్టికో అని నాకెవరూ చెప్పలేదు. పాత జిగ్గులు, అరిగిన చక్కులు, ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్లని బుష్‌లు ట్రాలీ ఆటోలో దిగాయి. నా స్కూటర్ వానపాలైంది. షాపు చూసినవాళ్లంతా ఫొటోలు తీసుకుని మెచ్చుకున్నారు. పోర్టికోని ఎవరూ ఫొటో తీయలేదు.

ఆపైన వంటింటి మీద పడింది. అమెరికా సూపర్ మార్కెట్లలో జనం తీసుకెళ్లినంతే మళ్లీ అరల్లో నింపే తీరు, ఈ లీన్‌కి మూలపురుషుడైన టయోటా ఇంజనీరు తైచీ ఓనోకి నచ్చిందట. 1956లో వెళ్లి కళ్లారా చూసి కూడా వచ్చాడట. కాబట్టి ఏడాది చింతపండు దండగ, డబ్బాకో కార్డు కట్టి అయిపోవచ్చినప్పుడు తెప్పించుకుంటే చాలంది. మా ఆవిడ ఆవకాయ జాడీకి వాసెన కడుతూ, “ఆ కార్డేదో మామిడిచెట్టుకి చూపించి రా. మార్గశిరంలో కాస్తే నేనూ మానేస్తా” అంది.

1997లో బ్రేకు వాల్వులు చేసే ఐసిన్ సేకి ఫ్యాక్టరీ తగలబడితే, కొన్ని గంటలకు సరిపడా వాల్వులే చేతిలో ఉన్న టయోటా రోజుల తరబడి ఆగిపోయిందని నేను అందించాను. “మరి! వాళ్లింట్లో పెద్దవాళ్లు లేరా?” అంది ఆవిడ. (మిగతా సరఫరాదారులంతా కలిసి ఆ వాల్వులు చేసిపెట్టి టయోటాని గట్టెక్కించారన్న సంగతి చెప్పలేదు. నా పక్షం బలహీనపడుతుంది.)

ఇంతలో పోర్టికోలోకి అట్టపెట్టెలొచ్చాయి. ఈసారి ఎర్రచీటీలు లేవు. అంతా కొత్త సరుకు. అసలు కారణం తెలియాలంటే ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడగమన్నాడు కదా ఓనో. అడిగాను.

ఇవి ఇక్కడెందుకు? “షాపులో నిల్వ ఉండకూడదు నాన్నా.” మరి చేయడమెందుకు? “పెద్ద కంపెనీ అడిగిన రోజే ఇవ్వాలి.” వాళ్లే ముందు తీసుకోరెందుకు? “వాళ్లదీ లీనే.” ఎంత కావాలో ముందే చెప్పరెందుకు? “నెలాఖరు దాకా వాళ్లకే తెలియదు.” మరి వాళ్ల సరుక్కి నా పోర్టికో ఎందుకు?

“దీనికి అద్దె కట్టక్కర్లేదు కదా నాన్నా.”

ఐదో ప్రశ్నకి కారణం దొరుకుతుందంటే నమ్మలేదు గానీ, దొరికింది. టయోటా అయితే రోజుకింత అని ఆర్డర్లు సమంగా పరుస్తుంది, సరఫరాదారుల దగ్గరికి మనుషుల్ని పంపి నేర్పిస్తుంది. మన పెద్ద కంపెనీ అందులోంచి ‘అడగ్గానే తెచ్చిపడెయ్’ అన్న ముక్క ఒక్కటే నేర్చుకుంది. మూడు వారాలు మౌనవ్రతం, నాలుగో వారం ప్రళయం. గోడౌన్ ఖాళీ చేశాడని వాళ్ల మేనేజరుకి శాలువా కూడా కప్పి ఉంటారు. సరుకు మాత్రం ఎక్కడికీ పోలేదు. మెట్టు మెట్టు దిగి, జీతంలేని పెద్దమనిషి గుమ్మం ముందు ఆగింది. ఆ కింద నెట్టడానికి ఇంకెవరూ లేరు.

షాపులో తేడా కనబడితే ఎవరైనా తాడు లాగి పని ఆపొచ్చు. నాకూ ఓ తాడు ఇమ్మన్నాను. “నువ్వు లైన్లో లేవు నాన్నా” అంది.

ఓనో ఇంకో పని చేసేవాడట. నేలమీద సుద్దతో గుండ్రంగా గీసి, అందులో మేనేజరుని నిలబెట్టి, ఏం జరుగుతోందో గంటల తరబడి చూడమనేవాడట. ఆ పెద్ద కంపెనీ కొనుగోళ్ల మేనేజరుని ఓ నెలాఖరు శనివారం మా పోర్టికోలో అలా నిలబెట్టాలని ఉంది. సుద్దముక్క కూడా కొన్నాను. గీయడానికే జానెడు నేల దొరకడం లేదు.