నగరాల్లో బొగ్గు తగ్గించాలంటే వినకూడని నాలుగు సలహాలు

నగరాల్లో బొగ్గు వాడకం తగ్గాలని అందరూ అంటారు. ఎలాగని అడిగితే మాత్రం చెప్పడానికి తేలికైన సలహాలే ముందుకొస్తాయి. వాటిని నమ్మి దెబ్బతిన్న నగరాలున్నాయి. అదే దారిలో మనమూ పోకూడదు.

1. "పొగ గొట్టం ఎత్తు పెంచితే సరి"

1952 డిసెంబరులో ఐదు రోజులపాటు బొగ్గు పొగమంచు లండన్‌ను కమ్మేసింది. థియేటర్‌లోకీ పొగ చొరబడి, ప్రేక్షకులకు వేదిక కనబడక ఒక ఒపెరాను మధ్యలోనే ఆపేశారు. వేలమంది చనిపోయారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో బ్రిటన్ విద్యుత్ కేంద్రాలకు బాగా ఎత్తైన గొట్టాలు కట్టింది. వాటి గంధకం గాలివాటున వెళ్లి నార్వే, స్వీడన్‌లలో ఆమ్ల వర్షమై కురిసింది. సరస్సుల్లో చేపలు చచ్చిపోయాయి. గొట్టం ఎత్తు పెరిగితే పొగ దూరం పోతుందంతే, తగ్గదు. గంధకాన్ని గొట్టం దాటకముందే పట్టాలి, లేదా బొగ్గే మానాలి.

2. "ముందు నిషేధించండి, మిగతాది తర్వాత చూద్దాం"

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. 2017 చలికాలంలో బీజింగ్ చుట్టుపక్కల గాలిని బాగుచేయాలని హెబెయ్ రాష్ట్రంలో బొగ్గు పొయ్యిలు తీయించేశారు. చాలాచోట్ల గ్యాస్ మాత్రం అందలేదు. చుయాంగ్ ప్రాంతంలోని బడుల్లో గదులు గడ్డకట్టే చలిగా ఉండటంతో పిల్లలు ఆవరణలో ఎండపొడకు బల్లలు వేసుకుని చదువుకున్నారు. చివరికి గ్యాస్ అందని చోట బొగ్గు కాల్చుకోవచ్చని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

పోలండ్‌లోని క్రాకోవ్ ఇదే పని పద్ధతిగా చేసింది. ఇళ్లలో బొగ్గు, కట్టెలు కాల్చరాదని 2016లో నిర్ణయం జరిగింది, 2019 సెప్టెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఈలోగా పాత బాయిలర్లు మార్చుకోవడానికి నగరం జనానికి డబ్బు సాయం చేసింది. గడువు, సాయం, బొగ్గుకు బదులు మరొకటి: ఈ మూడూ సిద్ధమయ్యాకే నిషేధం అమలు కావాలి.

3. "బొగ్గును ఉండలు చేసి కాల్చుకోమనండి"

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో 2019 మే నుంచి ముడి బొగ్గును నిషేధించి, శుద్ధిచేసిన బొగ్గు ఉండలు ఇచ్చారు. పొగ తగ్గిన మాట నిజమే. కానీ చలి మొదలై పొయ్యిలు వెలిగించగానే కార్బన్ మోనాక్సైడ్ సోకి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. ఉండ చేసినా బొగ్గు బొగ్గే.

4. "ఊళ్లో ప్లాంటు మూసేస్తే బొగ్గు మానేసినట్టే"

ఢిల్లీలోని బదర్‌పూర్ థర్మల్ కేంద్రాన్ని 2018 అక్టోబరులో మూసేశారు. మంచి పనే. కానీ ఢిల్లీకి దాద్రీ, ఝజ్జర్ బొగ్గు కేంద్రాల నుంచి కరెంటు వస్తూనే ఉంది. మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న థర్మల్ కేంద్రమూ ఎప్పుడో పోయింది. అయినా హైదరాబాద్ ఏసీల వెనుక రామగుండం, కొత్తగూడెం బొగ్గు మండుతూనే ఉంది. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే.

అందుకే బొగ్గు తగ్గించడం మన మీటరు దగ్గరే మొదలవ్వాలి. ఏసీని 24 డిగ్రీల మీద పెట్టండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. సొంత డాబా ఉంటే సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78 వేల దాకా సబ్సిడీ ఉంది, దరఖాస్తు చేయండి. అపార్ట్‌మెంటులో ఉంటే వచ్చే అసోసియేషన్ మీటింగులో సోలార్ సంగతి మీరే ఎత్తండి.